మలుపులో ఆరే లైటు

వెలుగుతోంది. నాకు ఒళ్లు మండేది అందుకే. పూర్తిగా చచ్చిపోయిన లైటు మీద నాకెప్పుడూ కోపం రాదు. ఎక్కడో తెగి ఉంటుంది, వెతుక్కుంటూ పోతే దొరుకుతుంది, దొరికితే కలుపుతాం, చేతులు కడుక్కుంటాం. ఇది అలాంటిది కాదు. షెడ్డులో పెద్ద స్టాండు మీద నిలబెట్టి, హ్యాండిలు తిన్నగా పెట్టి, స్విచ్చి వేస్తే, ఏ పాపమూ ఎరగనట్టు ఎదురుగోడ మీద పసుపుపచ్చగా ఇంత పళ్లెం గీసి కూర్చుంది. నిన్న సాయంత్రం గోడౌన్ల దగ్గరి మలుపులో నా కూతురు బండిని వంచగానే కళ్లు మూసుకున్న లైటు ఇదే. ఎదురుగా లారీ. పక్కన కంకర. పిల్ల బండిని కంకర మీదికి దింపేసి పడింది కాబట్టి ఇప్పుడు లోపలి గదిలో నిద్రపోతోంది, లేకపోతే... ఆ లేకపోతే దగ్గర నా బుర్ర మొరాయిస్తుంది, అక్కడి నుంచి అడుగు ముందుకు వెయ్యదు, వెనక్కి తిరిగి మళ్లీ బల్బు దగ్గరికే వస్తుంది. ఆసుపత్రిలో దానికి రాత్రి డ్యూటీ. చీకటి పడే వేళకి బయల్దేరాలి, ఆ వేళకి బస్సు లేదు, లైటు బాగుపడినా పడకపోయినా ఇదే బండి మీద పోతానని చెప్పిందట, నాతో కాదు, వాళ్లమ్మతో. పెరటి గోడ మీద ఎండ ఇంకా సగం ఉంది. అది దిగిపోయేలోపు నేను దీని గుట్టు పట్టుకోవాలి. పట్టుకోలేకపోయానా, పిల్ల చీకట్లోకి గుడ్డిబండి తోలుకుపోతుంది. అంతే సంగతి.

షెడ్డు వాకిట్లో మా ఆవిడ చేతి అద్దం పట్టుకుని నిలబడింది. షెడ్డులో వెలుగు చాలదు, టార్చి అంటే నాకు అసహ్యం, పట్టుకున్న వాళ్లు వాళ్లకి కావలసినది చూసుకుంటారు తప్ప నా చేతి మీద వెయ్యరు. అందుకని ఎప్పటి నుంచో మా ఇంట్లో ఇదే పద్ధతి: ఆవిడ ఎండలో నిలబడి అద్దం తిప్పి, ఎండ ముక్కని లోపలికి పంపుతుంది, నేను వేలుపెట్టిన చోట పెడుతుంది. చెయ్యి కదలదు ఆవిడకి, నోరు మాత్రం ఆగదు. "అలా ఇంజన్ని మింగేసేలా చూస్తే చెప్పేస్తుందా ఏం జబ్బో? నోరు తెరిచి అడగండి పోనీ, మనుషుల్ని ఎలాగూ అడగరు" అంటోంది. నేను మాట్లాడలేదు. మాట్లాడితే ఏం మాట్లాడాలి, మధ్యాహ్నం నేను తుడుద్దామని బండి దగ్గరికి వస్తే కాలు పెట్టుకునే కమ్మి పైకి వంగి ఉంది, బ్రేకు పిడి సందులో గడ్డి పోచ, లైటు డూము మీద కొత్త రంగు గీసుకుపోయి కింద ఇనుము తెల్లగా కనబడుతోంది. ఏమిటిది అన్నాను. "ఏముందీ, జారింది" అంది ఆవిడ, పాలు పొంగాయన్నట్టు. జారింది. బండి జారిందా పిల్ల జారిందా. లారీ సంగతీ, మలుపులో లైటు ఆరిన సంగతీ తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పింది. పొద్దున డ్యూటీ దిగి వచ్చినప్పుడు ఇంత ఎండలో పొడుగు చేతుల చొక్కా ఎందుకు వేసుకుందో అప్పుడు అర్థమైంది. పడింది, లేచింది, అదే బండి మీద ఆసుపత్రికి పోయింది, తన దెబ్బలకి తనే మందు రాసుకుంది, తెల్లవార్లూ ఎవరెవరి దెబ్బలకో కట్లు కట్టింది, ఇంటికి వచ్చి నా ముందు నుంచే నడిచి పోయి పడుకుంది. వాళ్లమ్మకి తెలుసు. దాని మొగుడికి తెలుసు. పక్కింటి వాళ్లకి కూడా తెలిసే ఉంటుంది. ఇంట్లో దిమ్మలా కూర్చుని ఉన్నవాడికి మాత్రం తెలియదు. ఎక్కడ తగిలింది, ఎంత తగిలింది, ఎవరూ నాకు చెప్పరు. చెబితే ఏం చేస్తాను నేను, కరుస్తానా.

బల్బు విప్పాను. తీగ బాగానే ఉంది, అడుగున మచ్చ లేదు. మళ్లీ పెట్టాను, వెలిగింది. వేలితో తట్టాను, వెలుగుతూనే ఉంది, నన్ను చూసి నవ్వుతున్నట్టు. ఒకప్పుడు లారీ తోలేవాణ్ణి, ముసలితనం వచ్చి చూపు తగ్గేదాకా అదే పని, రోడ్డు పక్కన రాళ్లు అడ్డంపెట్టి ఎన్ని లైట్లు బాగుచేశానో, అప్పటి తోటి డ్రైవరు బొంగురు నేర్పాడు నాకు ఈ విద్య, గొంతు అలా ఉండేది కాబట్టి వాడి పేరు బొంగురు, కన్నవాళ్లు పెట్టిన పేరు నాకిప్పటికీ తెలియదు. కరెంటు కూడా మనలాంటిదేరా, పోవడం ఒక్కటే కాదు, ఇంటికి తిరిగి రావాలి, వచ్చే దారి లేకపోతే అసలు బయల్దేరదు అనేవాడు వాడు, అని బీడీ ముట్టించుకునేవాడు. అప్పుడు లారీ క్యాబిన్లోంచి చూసినవాణ్ణి కాబట్టి నాకు తెలుసు, ఇంట్లో ఇంకెవరికీ తెలియదు: ఎదుటి నుంచి లైటు లేని బండి వస్తుంటే డ్రైవరుకి ఏం కనబడుతుందో. ఏమీ కనబడదు. మనిషి కనబడడు, బండి కనబడదు, రోడ్డు ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది, ఖాళీ రోడ్డు మీద నీ కాలు ఇంకాస్త నొక్కుతుంది. ఒకసారి ఒక సైకిలువాడు అలా నా బంపరుకి జానెడు దూరంలో ఊడిపడ్డాడు. బ్రేకు తొక్కితే లారీ అంతా వణికి ఆగింది. దిగి, వాణ్ణి చొక్కా పట్టుకుని లాగి చెంప మీద ఒక్కటిచ్చాను. వాడు దెబ్బ తిని నవ్వాడు, బతికున్నానని వాడికి అప్పుడే తెలిసిందనుకుంటా. నిన్నటి లారీవాణ్ణి మధ్యాహ్నం నుంచి తిడుతున్నాను లోపల, ఆగలేదట, ఆగకుండానే పోయాడట, వాడి వంశం వంశాన్ని తిట్టాను, తిడుతూనే ఉన్నాను, కానీ వాడికి పిల్ల కనబడి ఉండదు. అది నాకు తెలుసు. తెలియడం వల్లే తిట్టు సగంలో నోట్లో ఇరుక్కుంటోంది, దాంతో ఇంకా మంట. కోపానికి కూడా మనిషి దొరకాలి కదా.

దొరికాడు. "మామయ్యా, నేనేమన్నా పట్టుకోనా?" అంటూ వచ్చాడు అల్లుడు, షెడ్డు గుమ్మానికి తల తగలకుండా వంగి. సైన్‌బోర్డులు రాస్తాడు ఇతను. అచ్చు బోర్డులు వచ్చాక చేతిరాతకి గిరాకీ తగ్గింది, తగ్గి ఖాళీగా ఉండలేక, పిల్లకి చెప్పకుండా, అది సెలవు పెట్టి స్నేహితురాలి ఇంటికి వెళ్లిన వారంలో ఈ బండి మొత్తం ఊడదీశాడు. నేను కట్టుడుపళ్లు పెట్టించుకోవడానికి మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను ఆ వారం, ఉంటే విప్పనిచ్చేవాణ్ణి కాదు. వచ్చేసరికి బండి నల్లగా మెరిసిపోతోంది, నిలువుటద్దంలా నా మొహం కనబడుతోంది ట్యాంకు మీద, కట్టుడుపళ్ల కొత్త మొహం. "కొత్త పెళ్లికూతురిలా లేదూ మామయ్యా? ఇసుమంత ఇనుము పైకి కనబడనిచ్చానేమో చూపించండి" అన్నాడు. బాగుంది. బాగుండడం దగ్గర నేను తప్పుపట్టను, చెయ్యి మంచిది. గీకి, కడిగి, అడుగు రంగు వేసి, ఎండబెట్టి, మళ్లీ గీకి, పైరంగు రెండు పూతలు వేశాడు. మెడ దగ్గర బేరింగులకి కొత్త గ్రీజు కూడా కూరాడు, ఎవరో చెప్పారట. మా పిల్ల చూసి బండి చుట్టూ తిరిగింది చిన్నపిల్లలా, అతని చొక్కాకి అంటిన నల్లరంగు గోటితో గీకి నవ్వింది. ఆ నవ్వు చూశాను కాబట్టి ఇన్నాళ్లూ ఏమీ అనలేదు. తను మాత్రం ఈ బండి ఎక్కడు, భయం, సైకిలు తొక్కుతాడు. పెళ్లాం చీకట్లో బండి మీద పోతుంది, తను సైకిలు మీద డబ్బాలు వేలాడేసుకుని తిరుగుతాడు. "నిన్న రాత్రే నేను చూశాను మామయ్యా, ఆమె ఫోను చెయ్యగానే ఆసుపత్రికి పోయి, పొద్దున రాగానే కూడా చూశాను, బ్రహ్మాండంగా వెలిగింది. చూడండి, ఇప్పుడు కూడా వెలుగుతోందిగా" అన్నాడు, వేలు చూపించి మరీ. వెలుగుతోందిగా. ఆ గా అన్నచోట నా చేతిలో స్పానరు బరువెక్కింది. "ఆయన చేతిలో వస్తువున్నప్పుడు దూరంగా నిలబడు బాబూ" అంది మా ఆవిడ బయటి నుంచి.

హ్యాండిలు ఎడమకి తిప్పాను. వెలుగుతోంది. కుడికి తిప్పాను. ఒక్కసారి రెప్పవేసింది. మళ్లీ ఎడమకి, మళ్లీ కుడికి, ఈసారి వెయ్యలేదు. దొంగముండ. మెడ దగ్గరే తెగి ఉంటుంది, ఇంకెక్కడ తెగుతుంది, వైర్లన్నీ కట్టగా అక్కడే వంగుతాయి, ప్రతి మలుపుకీ వంగి వంగి లోపల రాగి తెగుతుంది, పైన తొడుగు మాత్రం చక్కగా ఉంటుంది. ఆమధ్య బజారులో ఒక ఎలక్ట్రీషియన్ దగ్గర హారను వేయించారు, వాడు ఏది కలిపినా టేపు చుడతాడు, తెగినా టేపు, తెగకపోయినా టేపు, వాడికి జ్వరం వస్తే కూడా టేపే చుట్టుకుంటాడు కాబోలు. వాడి పనే అయి ఉంటుందనుకుంటే కొంచెం సుఖంగా అనిపించింది. ట్యాంకు విప్పాను. అల్లుడు రెండు చేతులతో అందుకుని, పసిపిల్లని దించినట్టు గోనెసంచి మీద దించాడు, గీత పడుతుందని. గీత పడుతుందట. పిల్ల ఒంటి మీద ఎన్ని గీతలు పడ్డాయో చూశావా అని అడగాలనిపించింది, అడిగితే అతను చెబుతాడు, అతనికి తెలుసు, అది నేను అతని నోటి నుంచి వినాలి. అడగలేదు. టేపు చివర దొరక్క గోటితో గీకాను, జిడ్డు, నల్లగా అంటుకుంటోంది, కళ్లజోడు ముక్కు మీద నుంచి జారుతోంది, తోస్తే అద్దం నిండా గ్రీజు. స్క్రూ ఒకటి కింద పడి దొర్లింది. వంగితే నడుము పట్టేసింది. ఒకప్పుడు ఇంజను ఆగని లారీ కింద దూరి చూసినవాణ్ణి, ఇప్పుడు స్క్రూ కోసం వంగితే లేవడానికి దారి వెతుక్కోవాలి. "ఇటుందండీ, ఇటు" అని ఎండ ముక్కని స్క్రూ మీదికి పంపింది ఆవిడ, అది మెరిసింది, తీసుకున్నాను. ఎండ ముక్క ఎర్రబారుతోంది. ఇందాక తెల్లగా ఉండేది.

వైర్లు ఒక్కొక్కటీ విడదీశాను. చిన్న బల్బుకి రెండు తోకలు కట్టిన టెస్టు బల్బు పెట్టి, ఒక్కో వైరుకి ఆ చివరా ఈ చివరా చూస్తూ, వంచుతూ, లాగుతూ. అన్నీ బాగున్నాయి. బజారువాడు టేపు అనవసరంగా చుట్టాడు కానీ లోపల తప్పు చెయ్యలేదు. ఫ్యూజు బాగుంది. స్విచ్చి విప్పితే లోపల రేకులు తోమిన గిన్నెల్లా ఉన్నాయి. అంతా బాగుంటే ఎందుకు ఆరింది. ఎవరి మీద కోపం పెట్టుకున్నా వాడు నిర్దోషి అయి పోతున్నాడు, లారీవాడు పోయాడు, టేపువాడు పోయాడు, నేను ఒక్కణ్ణే మిగిలాను కోపం నెత్తిన పెట్టుకుని, దించుకోవడానికి అరుగు లేకుండా. వదిలేద్దామా అనుకున్నాను. తాళంచెవి తీసి జేబులో వేసుకుని కూర్చుంటే ఎలా పోతుందో చూస్తాను. పోతుంది. నడిచి పోతుంది. వాళ్లమ్మ పట్టుదల, నా మౌనం కలిపి పుట్టింది అది, వార్డులో తన కోసం మనుషులు ఎదురుచూస్తుంటారని ఒక్క మాట అని చెప్పులేసుకుని బయల్దేరుతుంది, లైటు లేని బండి కన్నా లైటు లేని మనిషి ఇంకా కనబడదు.

లోపల కుళాయి చప్పుడైంది. లేచింది. స్క్రూడ్రైవరు గాట్లో నిలబడనంటోంది. కాసేపటికి జడ అల్లుకుంటూ గుమ్మంలోకి వచ్చింది, పొడుగు చేతులే వేసుకుంది. బండి పొట్ట విప్పుకుని పడి ఉంది, చుట్టూ మేము ముగ్గురం. "అయ్యిందా నాన్నా?" అంది. నేను తల ఎత్తలేదు. ఎత్తితే మొహం మీద దెబ్బ ఉందేమో అని చూస్తాను, చూస్తే ఏదో అంటాను. "ఆయన్నేం అడుగుతావు, నన్నడుగు. వెలుగుతోంది, కానీ వెలగడం ఆయనకి నచ్చలేదు" అంది మా ఆవిడ. పిల్ల నవ్వింది. నవ్వుతూనే అంది, "ఏమో నాన్నా, దానికి నా ఎడమచెయ్యి అంటే ఇష్టం. క్లచ్చి నొక్కి పట్టుకుంటే బాగా వెలుగుతుంది, వదిలేస్తే నీరసపడుతుంది. మలుపులో గేరు మార్చి వదిలాను, అంతే, ఆరింది."

నా చెయ్యి ఆగిపోయింది. "ముందే చెప్పలేదేం" అన్నాను. ఆ రోజు మొత్తం మీద అది నా రెండో మాట అనుకుంటా.

"నువ్వడిగావా?" అంది.

అడగలేదు. క్లచ్చికీ లైటుకీ ఏం చుట్టరికం. ఒక దానికి ఒకటి ఏమీ కావు, ఒకటి ఇనప తాడు, ఇంకోటి రాగి వైరు, ఒకే బండి మీద ఉంటున్నాయి తప్ప ఒకదాని మొహం ఒకటి చూడవు. మరి ఇనప తాడుని లాగితే లైటు ఎందుకు సంతోషిస్తుంది. పోవడం ఒక్కటే కాదురా, ఇంటికి తిరిగి రావాలి. ఇంతసేపూ నేను కరెంటు పోయే దారినే వెతికాను, బ్యాటరీ నుంచి ఫ్యూజుకి, ఫ్యూజు నుంచి స్విచ్చికి, స్విచ్చి నుంచి బల్బుకి. తిరిగొచ్చే దారి చూడలేదు. తిరిగొచ్చే దారి వైరు కాదు, బండి ఇనుమే. పాతబండికి ఒళ్లంతా దారే. బల్బు నుంచి డూముకి, డూము నుంచి చిన్న నల్లవైరు ఒకటి ట్యాంకు కింద బోల్టుకి, బోల్టు నుంచి ఫ్రేముకి, ఫ్రేము నుంచి బ్యాటరీకి. ఆ దారి మూసుకుపోతే కరెంటు పాపం ఏం చేస్తుంది, గతిలేక క్లచ్చి తాడు పట్టుకుని వేలాడుతూ ఇంజన్లోకి దిగి ఇల్లు చేరుతోంది. తాడు బిగిస్తే దారి, వదులైతే లేదు. విప్పినవన్నీ మళ్లీ కలిపి, స్విచ్చి వేసి, బారెడు వైరు ముక్క తీసి ఒక కొస బ్యాటరీకి పెట్టి రెండో కొస డూము గీసుకుపోయిన చోట, ఆ తెల్లటి ఇనుముకి ఆనించాను. గోడ మీద పళ్లెం భగ్గుమంది. అంతవరకూ నేను వెలుగు అనుకున్నది వెలుగే కాదు. హ్యాండిలు ఈ చివరికి తిప్పమన్నట్టు గడ్డం ఊపాను, అల్లుడు తిప్పాడు, ఆ చివరికి తిప్పాడు, రెప్ప కూడా వెయ్యలేదు.

ట్యాంకు కింద బోల్టు చూశాను. నల్లగా, నున్నగా, ముద్దుగా ఉంది. స్పానరు వేసి విప్పితే రంగు పొర టిక్కున తెగింది. వైరు చివర రింగు తీస్తే కింద ఫ్రేము మీద అద్దంలాంటి రంగు, రింగుకి రెండు వైపులా రంగు, బోల్టు మరచుట్ల సందుల్లో కూడా రంగు. విప్పిన ప్రతి ముక్కనీ విడిగా తీసి, తుడిచి, అన్ని వైపులా వేసి ఆరబెట్టి మరీ బిగించాడు. రంగు తెలిసినవాడు ఇనుముని ఎక్కడా బట్టలేకుండా వదలడు, కనబడని చోట అసలే వదలడు, తుప్పు అక్కడే మొదలవుతుందని. మామూలు మనిషి అయితే పైపైన పూసి ఊరుకునేవాడు, లైటు వెలిగేది. ఇంత శ్రద్ధ లేకపోతే నా కూతురు కంకర మీద పడేది కాదు. అతను కూడా చూశాడు నేను చూస్తున్నది. "దాని మీద వెయ్యకూడదా మామయ్యా?" అన్నాడు, గొంతు చిన్నదై. అతను రాసే బోర్డు మీద ఒక్క గీత వంకరపోతే రాత్రంతా నిద్రపోడని మా పిల్ల చెప్పేది. ఇప్పుడు మొహం చూస్తే ఆ బోల్టంత అయిపోయింది. నాకు జాలి వెయ్యలేదు. జాలి వేసి ఉంటే బాగుండేది. కోపం ఇప్పటికి దాని ఇల్లు చేరింది, మనిషి ఎదురుగా ఉన్నాడు, మాటలన్నీ వరసగా నోటిదాకా వచ్చి నిలబడ్డాయి, లారీ అడ్డాల్లో నేర్చినవి, వాటిలో ఒక్కటి అన్నా ఇతను ఈ ఇంట్లో మళ్లీ నా మొహం చూడలేడు. స్క్రూడ్రైవరు బోర్లా తిప్పి పట్టుకుని ఫ్రేము మీద గీకాను. కర్రుమంది. అతను ముడుచుకున్నాడు తన చర్మం గీకినట్టు. ఇంకా గట్టిగా గీకాను. నల్లటి పొట్టు లేచింది, దాని కింద ఎర్రటి అడుగు రంగు, ఎంత పట్టు పట్టి ఉందో చూడు, ముండా రంగు, ఎంత బాగా వేశాడు, దాని కింద ఇనుము. గీకాను, గీకాను, రూపాయంత మేర గీకేదాకా ఆగలేదు. వద్దనుకున్న మాటలన్నీ చేతిలోంచి పోయాయి. అతను పోయి లోపలి నుంచి ఉప్పుకాగితం తెచ్చాడు, తన పనిది, సన్నరకం, మడిచి నా చేతికిచ్చాడు. రింగు అతనే తీసుకుని రెండు వైపులా రుద్దాడు, ఇనుము తెల్లబడేదాకా, ఎవరూ చెప్పకుండా.

అద్దంలోంచి వెలుగు రావడం ఆగిపోయింది. "ఇంక ఎండ లేదండీ" అంది ఆవిడ, చెయ్యి దించి భుజం నొక్కుకుంటూ. "చాలు" అన్నాను. బోల్టు తడుముతూ బిగించాను. అల్లుడు పక్కనే చిన్న కుంచె పట్టుకుని నిలబడ్డాడు. "వట్టి ఇనుము మామయ్యా, తుప్పు పడుతుంది, చుట్టూ కాస్త..." అని ఆగాడు. తల తిప్పి చూశాను అతని వంక. కుంచె వెనక్కి పోయింది. నిజమే చెప్పాడు, తుప్పు పడుతుంది, తుప్పు పడితే మళ్లీ ఆరుతుంది. "బిగించాక పైన వేస్తే తప్పులేదు. కిందకి పోకూడదు" అన్నాను. అన్ని మాటలు ఒక్కసారే అతనితో ఎప్పుడన్నానో గుర్తులేదు. అతను బోల్టు చుట్టూ వెంట్రుకంత సన్నంగా ఒక చుట్టు తిప్పాడు కుంచె, ఊపిరి బిగబట్టి, ఆ మసక చీకట్లో.

ట్యాంకు పెట్టాక, పిల్ల కిక్కు కొట్టి, హ్యాండిలు ఆ చివరికీ ఈ చివరికీ తిప్పింది, క్లచ్చి నొక్కింది, వదిలింది. గోడ మీద వెలుగు అటూ ఇటూ పోయింది తప్ప ఎక్కడా మాసిపోలేదు. "సరే, వెళ్తా" అంది. నేను వెనక ఎక్కి కూర్చున్నాను. ముగ్గురూ నన్ను చూశారు.

"ఎక్కడికండీ?" అంది మా ఆవిడ.

"వస్తా."

"వచ్చి ఏం చేస్తారు, లారీలకి చేతులు అడ్డం పెడతారా? ఎలా తిరిగొస్తారు?"

"పొద్దున దాంతోనే."

"రాత్రంతా ఆసుపత్రి బల్ల మీద కూర్చుంటారా? మిమ్మల్ని చూసి రోగులు భయపడతారు" అంది, అంటూనే లోపలికి పోయి నా కంబళి తెచ్చి ఒళ్లో పడేసింది.

పిల్ల గేరు వేసింది. వీధి దాటాక గాలి చల్లగా తగిలింది. నా కంటికి లైటు కనబడదు, దాని వీపే కనబడుతుంది, వీపు పక్క నుంచి తల చాచితే రోడ్డు మీద వెలుగు పరిగెత్తడం కనబడుతుంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను, ఒక్క క్షణం వదిలితే ఆరిపోతుందేమో అన్నట్టు. ఇది బాగుపడింది, నా చేత్తో బాగుచేశాను, తిప్పి చూశాను, అయినా నమ్మను. షెడ్డులో నిలబడ్డ బండి వేరు, గుంతల్లో ఎగిరే బండి వేరు. కోపం ఇంకా అలాగే ఉంది, దింపుదామన్నా దిగడం లేదు, ఇప్పుడు ఎవరి మీదో కూడా తెలియదు, పొడుగు చేతుల చొక్కా మీద, పొద్దున నా ముందు నుంచి నడిచిపోయి కుంటకుండా ఉండటానికి ఇది ఎంత పళ్లబిగువున నడిచి ఉంటుందో దాని మీద. గోడౌన్ల పొడుగాటి గోడలు వచ్చాయి. పిల్ల వేగం తగ్గించింది, గేరు మార్చింది, క్లచ్చి వదిలింది, బండిని వంచింది. అదే మలుపు. ఎదురుగా లారీ, పెద్ద కళ్లు రెండూ పూర్తిగా తెరుచుకుని, రోడ్డంతా తెల్లగా చేసుకుంటూ వచ్చేస్తోంది, నాకు ఏమీ కనబడలేదు, మా వెలుగు ఆ వెలుగులో ఉందో లేదో కూడా తెలియలేదు.

లారీవాడు డిమ్ము కొట్టాడు.

తెల్లటి మంట కిందికి దిగి పసుపుపచ్చగా అయ్యింది. చూశాడు. లైటు ఉందో లేదో నాకు తెలియకపోతేనేం, అంత ఎత్తున కూర్చున్నవాడు చూశాడు, ఎదురుగా ఎవరో ఉన్నారని తెలిసి తన లైటు తగ్గించాడు. పక్క నుంచి గోడలా పోయింది, గాలి కొట్టి నా కంబళి ఎగిరింది, టైర్ల చప్పుడు, డీజిలు వాసన, తర్వాత నిశ్శబ్దం, మా బండి చప్పుడు, ముందర రోడ్డు మీద మా వెలుగు, అలాగే, తిన్నగా.

"నాన్నా" అంది పిల్ల, తల కొంచెం వెనక్కి తిప్పి, "భుజం వదులు. దెబ్బ అక్కడే తగిలింది."

నా చెయ్యి దాని భుజం మీద ఉందని అప్పుడు చూశాను. వేళ్లు విప్పుదామంటే ఒక్కసారిగా రాలేదు, ఒక్కొక్కటే విప్పుకోవాల్సి వచ్చింది. చెయ్యి తీసి సీటు కింది కమ్మి పట్టుకున్నాను. రోడ్డు చాలా దూరం పోయింది. నోట్లో నాలుక కదలడం లేదు, బిగుసుకుపోయిన నట్టులా ఉంది.

"ఇంకెక్కడ?" అన్నాను.

"ఏమిటి?"

"ఇంకెక్కడ తగిలింది?"

"తిట్టనంటే చెప్తా."

"తిడతా. చెప్పు."

"సరే అయితే" అంది, బండి వేగం ఇంకాస్త తగ్గించి. "మోచెయ్యి తోలు లేచిపోయింది. మోకాలు వాచింది కానీ విరగలేదు, ఎక్స్‌రే తీయించి చూశాను. తుంటి దగ్గర కంకర గుచ్చుకుంది..."

నేను తిడుతూనే ఉన్నాను. అది చెబుతూనే ఉంది.